రెండు దెబ్బలు, కాసేపాగి ఒకటి

దీవిలో మంచినీటి కరువు తీర్చాలని అఖాతానికి అడ్డంగా గేటున్న గోడ కట్టి, లోపల వాననీరు నిలబెట్టారు. అంతకుముందు అదే దారిన సముద్రంలోకి చేపల వేటకెళ్లిన గేటు కాపలాదారుడి అన్న, గోడ పూర్తయినా తిరిగి రాలేదు.

అప్పటి నుంచి పోటు వచ్చినప్పుడల్లా సముద్రం వైపు నుంచి గేటు మీద రెండు దెబ్బలు, కాసేపాగి ఒకటి. కొట్టుకొచ్చిన దుంగలేలే అని తమ్ముడు తనకు తాను సర్దిచెప్పుకునేవాడు.

ఈ రాత్రి పోటు వచ్చినా గేటు చప్పుడు చెయ్యలేదు. రోజూలాగే, ఇళ్ల కుళాయిలకు వెళ్లే లోపలి నీళ్లు పుక్కిట పట్టి చూశాడు. ఉప్పగా తగిలాయి. వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు.

"వదినా, కుళాయి తిప్పొద్దు."

"తిప్పలేదయ్యా. గొట్టం లోపల్నుంచి ఎవరో తడుతున్నారు."

ఫోన్‌లో అతనికీ వినిపించింది. ఒకటి, రెండు. ఆ తర్వాత నిశ్శబ్దం.

"మీ అన్న తలుపు తట్టే తీరే ఇది," అంది వదిన మెల్లగా.

మూడో దెబ్బ పడకముందే కుళాయి తిరిగిన చప్పుడైంది.