కాంటా కాడ శాంతి బహుమతి

"ఇయ్యాలె అంటే ఇయ్యాలె! యుద్ధాలు ఆపినోనికి కాకపోతే శాంతి బహుమతి ఇంకెవరికి ఇస్తరు మల్లన్నా?" అంటూ నాగేందర్ కుర్చీలోంచి లేచాడు.

"నిప్పు వెట్టినోడే నీళ్ల బిందె ఎత్తుకొస్తే, మెడల దండెయ్యాల్నా సారూ?" అని మల్లన్న చేతిలోని గోనెసంచిని నేలకేసి కొట్టాడు.

అంతే, పెన్‌పహాడ్ వడ్ల కొనుగోలు కేంద్రంలో కాంటా ఆగిపోయింది. నాగేందర్ అక్కడి ఇన్‌ఛార్జి. వడ్ల తేమ చూసే మిషన్ అతని చేతిలోనే ఉంటుంది. తేమ పదిహేడు శాతం దాటితే ఆ వడ్లు కొనరు. మల్లన్న హమాలీల మేస్త్రి. అతను ఊ అనకపోతే సంచి లేవదు. ఆ ఇద్దరూ ఇప్పుడు సముద్రాల అవతల ఉన్న ఒక అధ్యక్షుడి గురించి కొట్లాటకు దిగారు.

తండా నుంచి సద్దిగిన్నె పట్టుకొని అప్పుడే వచ్చిన సుకన్యకు ఏడుపొచ్చినంత పనైంది. తల్లి జమ్లీ తొమ్మిది రోజులుగా ఈ వడ్లకు కాపలా కాస్తోంది. తర్వాతి వంతు వాళ్లదే. మిర్యాలగూడ మిల్లు లారీ సగం నిండి నిలబడి ఉంది. సాయంత్రం వాన ఉందని అందరి ఫోన్లూ చెబుతున్నాయి. ఇవాళ తూకం కాకపోతే లారీ మళ్లీ ఎప్పుడొస్తుందో, ఆలోపు వడ్లు మొలకెత్తుతాయో!

"యాడీ, నువ్వన్న చెప్పు వాళ్లకు" అంది తల్లి చెవిలో. పదిమందిలో నోరు తెరవడం సుకన్య వల్ల కాదు.

"పెద్దోళ్ల ముచ్చట బిడ్డా. మనకెందుకు?" అంది జమ్లీ. ఎండలో పరిచిన వడ్లలో పాదాలు ఈడుస్తూ, చాళ్లు తీస్తూ, కలబెడుతూ నడుస్తోంది. కళ్లు గుంటలు పడ్డాయి. నిలబడితే అక్కడే నిద్రపోయేలా ఉంది.

"టీవీ సూడవా నువ్వు? ఎన్ని యుద్ధాలు ఆపిండో ఒక్కొక్కటి లెక్కవెట్టి చెప్తిరి!" నాగేందర్ గొంతు పెరిగింది.

"ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలేంది? ఆయనే చెప్పిండు."

"గట్లయితే నేనూ చెప్త. మొన్న మా ఇంట్ల అత్తాకోడండ్ల లొల్లి ఆపిన. నాకు గూడ ఇయ్యమను."

హమాలీలు ఘొల్లుమన్నారు. వడ్లకుప్పకు ఆనుకొని కూర్చున్న ముసలి రైతు గౌరయ్య బీడీ ఆర్పి, "పదేండ్ల సంది గట్టు కాడ నాకూ మా తమ్మునికీ పడ్తలేదు. గా సారును జర మా ఊరికి తోలరాదుండ్రి" అన్నాడు.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి! బాంబులు ఆపుడంటే సంచులు మోసుడనుకున్నరా?"

"ఒక్క సంచి మోసి సూడు సారూ, ఎట్లుంటదో ఎరుకయితది. మరి గా బాంబులు అమ్మిందెవలు? గది చెప్పు ముందు!"

మధ్యాహ్నం దాటింది. ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి. మల్లన్న విసుగ్గా వంగి సంచి అందుకున్నాడు. సుకన్యకు ప్రాణం లేచొచ్చింది.

సరిగ్గా అప్పుడే జమ్లీ ఒక గింజ నోట్లో వేసుకొని, "అంతేలే మల్లన్నా. సదువుకున్న సారుకు తెల్సినంత మనకేం తెలుస్తది" అని నిట్టూర్చింది.

సంచి మళ్లీ కింద పడింది. "ఏందక్కా? సదువుకున్నోళ్లకే బుద్ధుంటదా?"

"యాడీ!" సుకన్య తల్లి కొంగు పట్టి గుంజింది. ఎక్కడ ఏం మాట్లాడాలో ఈమెకు ఎప్పుడు తెలుస్తుంది!

ఇంకో గంటకు చాయ్ వచ్చింది. చాయ్ తాగాక నాగేందర్ చల్లబడి మిషన్ చేతిలోకి తీసుకున్నాడు. జమ్లీ పోయి, "మల్లన్న మాటలు మనసుల వెట్టుకోకుండ్రి సారూ. మీకేం తెల్వదని కోపంల అన్నడు గని, మంచోడే" అంది. నాగేందర్ మిషన్‌ను మళ్లీ బల్ల మీద పెట్టేశాడు.

సుకన్య తల పట్టుకొని కూర్చుంది. పొద్దు వాలుతోంది. పడమర నల్లబడుతోంది. లారీ డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు.

"మీ బహుమతి తేలేదాక నేనుండను. కోదాడ దిక్కు పోతున్న, ఆడ గూడ వడ్లున్నయ్!"

జమ్లీ ఇంకో గింజ కొరికింది. చేతులు దులుపుకొని ఆ ఇద్దరి మధ్యకు నడిచింది.

"సారూ, మల్లన్నా, వానొస్తే గా పెద్దాయన తడుస్తడా? ఆయనకిచ్చినా ఇయ్యకున్నా తడిసేది నా వడ్లు, మల్లన్న సంచులు. పైనోళ్లతోని తిట్లు తినేది మీరు."

ఇద్దరూ ఆకాశంకేసి చూశారు. మల్లన్న తలకు తువ్వాల చుట్టాడు. నాగేందర్ గుప్పెడు వడ్లు మిషన్లో పోశాడు.

"పదహారు పాయింట్ ఎనిమిది. పదిహేడు దాటలే. కానియ్యుండ్రి!"

సంచులు నిండాయి. లారీ గేటు దాటుతుంటే మొదటి చినుకు పడింది. నాగేందర్ చీటీ రాసి జమ్లీ చేతిలో పెట్టాడు.

"గా దేశం ఈ దేశం ఎందుకక్కా? శాంతి బహుమతి నీకే ఇయ్యాలె."

"గీ ఒక్కటి ఒప్పుకుంట" అన్నాడు మల్లన్న. పొద్దున్నుంచీ ఆ ఇద్దరి మాటా కలవడం అదే మొదలు.

తండా దారిలో తడుస్తూ నడుస్తుంటే సుకన్య ఇక ఉండలేకపోయింది. "నాలుగు ముక్కలకే ఇద్దరూ ఆగిపోయిండ్రు గదా యాడీ. గా ముచ్చటేదో పొద్దుగాలనే చెప్తే అయిపోతుండె!"

జమ్లీ వడ్ల మీద కప్పే పట్టా బరువును ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది.

"పొద్దుగాల మంచుకు వడ్లు మెత్తగుండె బిడ్డా. మిషన్ వెడితే పందొమ్మిది సూపెడతుండె, మన వంతు పోతుండె. అవి ఆరేదాక ఆళ్లు దేనికో ఒకదానికి కొట్లాడాలె గద... గా బహుమతి ముచ్చట ఎత్తిందే నేను."