నిఖిత అడిగిన ట్యూనర్లు

“ఇవి కూడా వద్దంటోందండి,” అంటూ హనుమయ్య అట్టపెట్టెను బల్ల మీద పెట్టాడు.

కృష్ణకాంత్ చేతిలోని ఉప్పుకాగితం పక్కన పడేశాడు. ఇలా వెనక్కి రావడం ఇది మూడోసారి.

పెట్టెలో ఉన్నవి గిటారు ట్యూనర్లు. తీగను బిగించి శ్రుతి చేసే చిన్న మరలు, తీగకొకటి చొప్పున ఆరు. బెంగళూరులో పన్నెండేళ్లు గిటార్లు చేసి, సొంతూరు నూజివీడు వచ్చి మైలవరం రోడ్డులో షెడ్డు వేసుకున్నాడు కృష్ణకాంత్. ఇన్నాళ్లూ స్టూడెంట్ల గిటార్లు బాగుచేయడమే సరిపోయింది. కొత్తది చేసిపెట్టమని అడిగిన మొదటి మనిషి మామిడి రైతైన ఈ హనుమయ్యే. గాలివానకు పడిపోయిన తన తోటలోని చెట్టు కొయ్యే ఇచ్చాడు. కూతురు నిఖితకు ఎలక్ట్రిక్ గిటారు కావాలన్నాడు.

“ఈసారి ఏమైందండీ?”

“వీటి వెనక వైపు తీగను పట్టి ఉంచే ఇంకో మర ఉందంట కదండి. వెనక ఏమీ ఉండకూడదంది.”

“అది ఉంటేనే తీగ జారదండీ. వాయించేవాళ్లు ఏరికోరి తెప్పించుకుంటారు.”

“నిజమే అయ్యుంటదండి. నాకేం తెలుసు?”

హనుమయ్య జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. అప్పుడే అక్షరాలు నేర్చినట్టు పెద్ద పెద్ద వంకర రాత. ‘ఆరూ ఒకే వైపు ఉండాలి. ఒకదానికీ ఒకదానికీ మధ్య రెండంగుళాలు. తిప్పే పిడులు పెద్దవి. బెల్టు కొక్కేలు వద్దు.’

“ఇది గిటారాండీ, నిచ్చెనాండీ?” అన్నాడు కృష్ణకాంత్. “ఇవి బిగించే తల అంత పొడుగు పెడితే, మెడకు తగిలించుకున్నప్పుడు బరువుకి కిందికి వాలిపోద్ది.”

“మెడకు తగిలించుకోదండి.”

“సరే, అమ్మాయిని ఒక్కసారి తీసుకురండి. చేతి కొలత చూస్తే సగం గొడవ తీరిపోద్ది.”

హనుమయ్య చూపు తిప్పుకున్నాడు. బయట లారీకి ఎక్కుతున్న బంగినపల్లి పెట్టెల వైపు చూశాడు.

“కోత రోజులండి. వీలవదు,” అని వెళ్లిపోయాడు.

గారాబం ఎక్కువైన పిల్ల అనుకున్నాడు కృష్ణకాంత్. ఫోనులో ఏదో చూసి ఉంటుంది. కానీ ఆ గిటారు మీద ఉండబోయేది తన పేరు. రేపు నలుగురూ చూసి నవ్వితే ఈ ఊళ్లో ఇంకో గిటారు చేయమని ఎవరడుగుతారు?

తనకు నచ్చిన ట్యూనర్లే బిగించాడు. అటు మూడు, ఇటు మూడు. చిన్న నల్ల పిడులు. ఆరు బెజ్జాలూ గీత గీసినట్టు కుదిరాయి. తిప్పితే వెన్నలా తిరిగాయి. ఒకసారి చూస్తే ఆ పిల్లే ఒప్పుకుంటుందని నమ్మాడు.

వారం తర్వాత హనుమయ్య వచ్చి గిటారును ఒళ్లో పెట్టుకున్నాడు. ఒక్కో పిడినీ వేలితో తడిమాడు. ఒకటి తిప్పి చూశాడు.

“బాగుందండి. చాలా బాగుంది,” అన్నాడు. “కానీ వీటిని తిప్పడం మా పిల్ల వల్ల కాదండి,” అన్నాడు.

“ఏంటండీ ఈ మాట! మూడో క్లాసు పిల్లలు తిప్పుతారు!”

హనుమయ్య తలెత్తలేదు. భుజం మీది తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి.

కృష్ణకాంత్ కంగారుగా దగ్గరికొచ్చాడు. “నేనేమన్నానండీ ఇప్పుడు?” అన్నాడు.

“మీరేమీ అనలేదండి. నాలుగేళ్లలో అది నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. దాని గురించి ఎవరికీ ఏమీ చెప్పనని మాటిచ్చాను. చెప్పకుండా ఎలా చేయించాలో నాకు చేతకావట్లేదు.”



హనుమయ్య వెళ్లాక కృష్ణకాంత్ రంపం అందుకున్నాడు. తను అంత ముచ్చటపడి చేసిన గిటారు తలను కోసేశాడు. పొడుగాటి కొత్త ముక్క అతికించాడు. ఐదో బెజ్జం దగ్గర మామిడి కొయ్య చీలింది. జిగురు పెట్టి బిగించి, రెండు రోజులు ఆరనిచ్చి మళ్లీ తొలిచాడు. అంత పెద్ద పిడులు ఎక్కడా దొరకలేదు. ఆరూ తనే చెక్కాడు. ఎందుకిలా ఉండాలో ఒక్క ముక్క తెలియదు. తనకు నచ్చని పనిని ఇంత జాగ్రత్తగా అతను ఎప్పుడూ చేయలేదు. పూర్తయ్యాక చూస్తే అచ్చం నిచ్చెనలాగే ఉంది. సిగ్గుపడుతూనే ఫొటో తీసి పంపాడు.

గంటలో హనుమయ్య ఫోను చేశాడు.

“ఫొటో చూసి, తనే వస్తానందండి. ఇప్పుడే బయల్దేరుతున్నాం.”

ఆటో దిగిన నిఖితకు ఇరవై ఏళ్లుంటాయి. మే నెల ఎండలో కూడా మెడ దగ్గర్నుంచి నడుం దాకా పెద్ద చున్నీ కప్పుకుని ఉంది. లోపలికి వచ్చి, బల్ల మీది గిటారును చాలాసేపు చూసింది. కృష్ణకాంత్ తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు.

“అడిగినట్టే చేశారు సార్,” అంది. “కొంచెం కింద పెడతారా?”

“నేల మీదా?”

“ఆ, నేల మీదే.”

అతను అర్థంకాక గోనెపట్టా పరిచి గిటారును దాని మీద పెట్టాడు. నిఖిత చెప్పులు విడిచి దాని ముందు కూర్చుంది.

భుజాల దగ్గరే ఆగిపోయిన రెండు చేతుల మీంచి చున్నీని తండ్రి తీసేయగానే, ఆ అమ్మాయి కుడికాలు చాచి, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య మొదటి పిడిని పట్టుకుని తిప్పింది.