వాగులో తెగిన చైన్

"డ్రైవర్ చక్రాలు తిరుగుతుండగానే నీళ్లలో లివర్ లాగాడు, చైన్ తెగింది. అంతే రాసెయ్, వినోదా," అన్నాడు విచారణకు వచ్చిన అధికారి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

ఆసిఫాబాద్ శివారు షెడ్డులో దవాఖాన జీపు జాకీల మీద ఉంది. మెకానిక్ వినోద దాని ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పి బల్ల మీద పెట్టింది. లివర్ లాగితే, లోపలి చైన్‌తో ఇంజిన్ బలాన్ని ముందు చక్రాలకు కూడా పంచే డబ్బా అది. మాడిన నూనె, వాగు ఇసుక కలిసి కంపు కొడుతున్నాయి.

"లోపల చూడున్రి సార్. డబ్బా గోడ ఎట్ల గీసుకపోయిందో! చైన్ సాగి నెలల కొద్ది రాసుకుంటెనే గిట్లయితది. ఒక్క గుంజుడుకు గాదు."

"పాత బండ్లకు ఇలా కాలేదుగా?"

"వాటికి చైన్ యాడున్నది? పండ్లున్న గేరు చక్రాలే ఒకదాన్నొకటి నూకుతయి. మోత ఎక్కువ, బరువెక్కువ, గని మన వాగులకు ఆగుతయి. గీ చైన్ బండ్లు తారురోడ్డు మీద సప్పుడు చెయ్యయని కొన్నరు మీరు. గూడేలకు తారురోడ్డు యాడున్నది సార్?"

వినోద పక్కకు తిరిగి ఉమ్మింది.

డ్రైవర్ కొమురెల్లి తలుపు దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. మొన్న బండి వాగులో ఆగిపోతే నిండు చూలాలిని భుజాన మోసి ఒడ్డుకు చేర్చింది అతనే. తల్లీబిడ్డా బతికారు. ఇప్పుడు అతని కొలువుకే ఎసరు.

"నువ్వన్న చెప్పరాదె, కొమురెల్లన్నా! ఒడ్డు మీదనే లివర్ ఏసినవని బండ్లున్న ఆ బాలెంత అత్త భూమవ్వ సుత చెప్పింది. నోట్లె మన్ను పోసుకున్నవా?"

అతను ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. వినోదకు అతని మీద కూడా రోత పుట్టింది. బండిదే తప్పని రాసి, సంతకం గీకి, కాగితం బల్ల మీద విసిరింది.

అధికారి చదివాడు. "సరే. తప్పు బండిదైతే ఈ రకం బండ్లు నాలుగూ ఇవాళే యార్డుకు పోతాయి. కంపెనీవాళ్లు వచ్చి తేల్చేదాకా కదలవు."

"ఎన్ని దినాలు సార్?" కొమురెల్లి మొదటిసారి నోరు విప్పాడు.

"పోయినసారి రెండేళ్లు పట్టింది."

వాగు అవతల పదకొండు గూడేలున్నాయి. పాత బండ్లు ఎప్పుడో తుక్కుకు పోయాయి; ఈ నాలుగు తప్ప వాటికి వేరే దవాఖాన బండి లేదు.

"డ్రైవర్ తప్పయితే?" కొమురెల్లి అడిగాడు.

"కొత్త చైన్ వేయించి, రేపే ఇంకో డ్రైవర్‌ని ఎక్కిస్తాం."

కొమురెల్లి వచ్చి, వినోద రాసిన కాగితాన్ని నిలువునా చింపాడు.

"లివర్ నీళ్లల్లనే గుంజిన సార్."