జారుడు హెచ్చరిక

"ఆ నున్నటి బూట్లతో గడప దాటితే నేనూరుకోను, సైమీ!"

ఎదురింటి తౌనో మెట్లకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు.

"ఏం, తుఫానొస్తోందా? చెరువు పొంగుతోందా?" అంది సైమి, చేతి అద్దంలో పెదాల రంగు సరిచూసుకుంటూ.

"పొద్దున్న రేడియోలో చెప్పారు. నడిచి వెళ్లేవాళ్లకు హెచ్చరిక. ఐసు మీద వాన పడింది, కాలిబాటలు బాగా జారతాయట."

"జారుడుకి కూడా హెచ్చరికా! రేపు తుమ్ములొస్తాయి, మెల్లగా తుమ్మండి అని కూడా చెబుతారు కాబోలు."

"నవ్వు, నవ్వు. ఇంటి కప్పులు లేచిపోయే గాలి వస్తే ఎవరూ బయటికి రారు. తుంటి ఎముకలు విరిగేది ఇదిగో, ఇలాంటి 'ఆఁ, ఏముందిలే' రోజుల్లోనే." తౌనో ఆదివారాలకని దాచుకునే కోటు జేబులోంచి బూట్లకు తొడిగే ఇనుప ముళ్ల పట్టీలు తీసి ముందుకు చాచాడు. "ఇవి తొడుక్కో."

"అవి ముసలాళ్లకి."

"నీకు డెబ్బై నాలుగు."

"నీకు డెబ్బై ఆరు. నువ్వు తొడుక్కో."

"తొడుక్కున్నాను తల్లీ!" అంటూ కాలెత్తి చూపించాడు.

సైమికి ఒళ్లు మండింది. మంటంతా పట్టీల మీద కాదు. బుధవారం బుధవారం మధ్యాహ్నం ఊరి హాల్లో జంటలుగా టాంగో నాట్యం ఆడతారు. ఒక వంతు మగవాళ్లు జోడీని పిలవాలి, ఒక వంతు ఆడవాళ్లు. ఆడది వచ్చి పిలిస్తే మగవాడు కాదనడం మర్యాద కాదు. అందుకే ఆడవాళ్ల వంతు అనగానే తౌనో కాఫీ గదిలోకి దూరిపోతాడు. నాలుగేళ్లుగా ఇదే వరస. నాలుగేళ్లుగా సైమి ఆ గది తలుపుకేసి చూసి, ఇంకెవరినో పిలుచుకుంటోంది.

"పందెం వేస్తావా?" అంది. "పట్టీల్లేకుండా హాలు దాకా నడుస్తాను. ఒక్కసారి జారినా సరే, వేసవి వచ్చేదాకా నీ ముళ్లు తొడుక్కునే తిరుగుతాను."

"జారకపోతే?"

"ఇవాళ ఆడవాళ్ల వంతప్పుడు నువ్వు కాఫీ గదిలోకి పోకూడదు."

తౌనో చెవులు ఎర్రబడ్డాయి.

"సరే. నేను ముందు వెళ్లి హాలు గుమ్మంలో నిలబడతాను. నువ్వు అరగంట ఆగి రా. పడితే కళ్లారా చూడాలి."

"చూద్దువుగాని. కళ్లజోడు తుడుచుకుని మరీ చూడు."

అరగంట తర్వాత సైమి కిందికి దిగింది. గుమ్మం పక్కన, ఐసు మీద కాలు జారకుండా చల్లే సన్న కంకర పోసి ఉంచే పచ్చ పెట్టె మూత బార్లా తెరిచి ఉంది. లోపల ఉండాల్సిన బక్కెట్ లేదు. "ఈ ఇళ్లు చూసుకునే పనివాడికి ఒక్క పనీ శుభ్రంగా చేతకాదు" అనుకుంటూ మూత వేసి బయల్దేరింది.

వీధి అద్దంలా మెరుస్తోంది. అవతలి కాలిబాట మీద పోస్టు మనిషి దీపస్తంభాన్ని అక్కున చేర్చుకుని, తర్వాతి స్తంభం ఎంత దూరమో లెక్కేస్తున్నాడు. ఒకావిడను ఆమె కుక్క ఈడ్చుకుపోతోంది.

సైమి మాత్రం రాణిలా నడిచింది. ఆవిడ నడిచే వైపు మూరెడు వెడల్పున కంకర చల్లి ఉంది. గ్రంథాలయం మలుపు దగ్గర ఆ గీతా మలుపు తిరిగింది. ఏటవాలులో మరింత దట్టంగా ఉంది. ఎన్నాళ్లకు మున్సిపాలిటీకి బుద్ధొచ్చిందో అనుకుంది. ఒక్క అడుగు కూడా జారలేదు.

హాలు గుమ్మంలో తౌనో రొప్పుతూ నిలబడి ఉన్నాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఏమైంది నాయనా నీ రేడియో?" అంది సైమి, లోపలున్న వాళ్లందరికీ వినిపించేలా. "జారుడట, జారుడు! ఇలాంటి హెచ్చరికలు వినేవాళ్లు వింటారు. నడిచేవాళ్లు నడుస్తారు."

అందరూ గొల్లున నవ్వారు. తౌనో కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇక ఆడవాళ్ల వంతు!" అని వాయిద్యాల దగ్గర నుంచి కేక వినిపించింది. కాఫీ గది తలుపు తెరిచే ఉంది. తౌనో దానికేసి చూశాడు, కదల్లేదు. సైమి వెళ్లి అతని ముందు తల వంచింది. నాలుగేళ్ల నుంచి అద్దం ముందు అభ్యాసం చేసిన వంపు అది.

"పందెం ఓడావుగా, పద" అంది.

"ఓడాను" అన్నాడు తౌనో. పట్టీలు విప్పేసి, చేయి ఆమె నడుం మీద వేశాడు. ఆశ్చర్యం, అడుగు తప్పలేదు. ఒక చుట్టు తిరిగారు, రెండో చుట్టు మొదలుపెట్టారు. కాళ్ల కింద ఏదో కరకరలాడింది.

"ఏమిటా చప్పుడు?" అంది సైమి.

"ఏం లేదు. చూసుకుని అడుగు వెయ్యి, ఈ నేల కాస్త జారుతుంది."

సైమి కిందికి చూసింది. వాళ్లు తిరిగినంత మేరా, మెరుగుపెట్టిన చెక్క నేల మీద, తౌనో ఆదివారపు కోటు జేబులోంచి సన్న కంకర గీతలా రాలుతోంది.