పక్కన పెట్టిన ముక్క

“నా ముక్క నాకు వాపసియ్యుండ్రి. నా పెయ్యిల నుంచి తీసింది పరాయోళ్లకెందుకు?” అన్నాడు చేవెళ్ల పెంటయ్య.

ప్రొస్టేట్ వాచిందని మొయినాబాద్ దవాఖానలో తీసిన ముక్క అది. క్యాన్సర్ కాదని తేలింది. మిగిలింది పరిశోధనకు ఉంచుకుంటామని డాక్టర్ పూర్ణిమ అడుగుతోంది.

“పల్లిగింజల ఉండే ఒక ప్రోటీన్ క్యాన్సర్‌కు అంటుకుంటదా అని చూస్తున్నం బాపు. అంటుకుంటే గోధుమ రంగొస్తది.”

“రోజూ పల్లిచట్నీ తింటడు గదా, అంటలేదా?” అంది భార్య కృష్ణమ్మ.

“తింటే కాదమ్మా. ముక్కను గాజుపలక మీద పెట్టి, దాని మీద ఆ ప్రోటీన్ వేస్తం.”

ఆమె పలక పెట్టి చూపిస్తే పెంటయ్య మైక్రోస్కోప్‌లో చూశాడు. తన ముక్కకు రంగు లేదు.

“మీ పల్లిమందు పనిచేసిందో లేదో?”

పూర్ణిమ ఇంకో పలక పెట్టింది. అంతా ముదురు గోధుమ రంగు.

“ఇదెవలిది?”

“పేరు చెప్పగూడదు. క్యాన్సర్‌తోని పోయిన ఏడాది చనిపోయిండు. మందు పనిచేస్తున్నదని తెలవనీకి ప్రతి ముక్క పక్కన ఆయనది పెడతం.”

“నా పక్కన గూడ పెట్టిండ్రా?”

“పెట్టినం.”

పెంటయ్య మళ్లీ వంగి చూశాడు.

“నాది ఉంచుకోండ్రి” అన్నాడు తలెత్తి. “ఆయన దగ్గర్నే పెట్టుండ్రి. ఒక్కడే ఎన్ని దినాలుంటడు?”