కొండ అవతలి హారన్

కొండదారిలో మోగడం మొదలుపెట్టిన బావ పాత వ్యాను హారన్ ఇక ఆగలేదు.

"ముందు దీని నోరు మూయించరా బామ్మర్దీ! చెవులు చిల్లులు పడుతున్నాయి" అన్నాడు బావ.

మెకానిక్‌ని కదా, స్టీరింగ్ మీది బటన్ ఊడదీసి చూశాను. లాభం లేకపోయింది. చివరికి బ్యాటరీ వైరు పీకితే ఆగింది. బావ హమ్మయ్య అంటూ చతికిలబడ్డాడు.

అప్పుడు కొండ అవతల నుంచి అదే మోత వచ్చింది. మధ్యలో బొంగురుపోయే మా హారన్ గొంతే, కానీ ఆకాశమంత పెద్దది. బానెట్ మీద పెట్టిన స్పానర్లు గలగలలాడాయి. కీచురాళ్లు గప్‌చుప్ అయిపోయాయి.

కాసేపటికి అదీ ఆగింది.

బావ మెల్లగా లేచి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"వైరు మళ్లీ తగిలించరా" అన్నాడు గుసగుసగా. "పాపం, ఎదురుచూస్తోంది."