మా వీధికి ఆకాశం వంతు

అనంతపురంలో కొళాయి నీళ్లకు వంతులున్నట్టే ఇప్పుడు ఆకాశానికీ వంతులున్నాయి. పొద్దుగూకగానే దీపాల డ్రోన్లు లేస్తాయి. వంతు వచ్చిన వీధివాళ్లు పంపిన బొమ్మ ఊరంతటి మీదా పరుచుకుంటుంది. ఎవరైనా గీసి పంపవచ్చు. ఈసారి మా వీధి నుంచి, బట్టలు కుట్టుకుని బతికే నేను గీసి పంపిన బొమ్మను ఎంచారు.

నేను వాన గీశాను. ఊరు వాన మొహం చూసి ఏళ్లయింది.

"పక్క వీధోళ్లు నెమలిని ఆడిచ్చినారు. నువ్వేందే, రాని వానను చూపిచ్చి జనాన్ని ఏడిపిచ్చేకా?" అని మా అత్త ఓబులమ్మ పొద్దున్నుంచీ సణుగుతూనే ఉంది. నాకూ లోపల అదే భయం.

సాయంత్రం ఇద్దరం మిద్దె మీదున్నాం. పడమట డ్రోన్లు నల్లటి మబ్బులా లేచాయి. ఒక్క మెరుపు మెరిసింది. వెంటనే ఊరి మీదికి వెండి దారాల్లా ధారలు దిగాయి. నేను గీసిన గీతలే, అయినా నా ఒళ్లు జలదరించింది.

"వానొచ్చె! వడియాలు తడిసిపోతాయి, పట్టు మే!"

అత్త వడియాల చీర ఒక కొస లాగింది. నేనూ పరుగెత్తి రెండో కొస పట్టుకున్నాను. చుట్టూ ప్రతి మిద్దె మీదా జనం ఆరేసిన బట్టలు లాగుతున్నారు.

మూట చంకన పెట్టుకుని అత్త అరచెయ్యి చాపింది. వెలుగు చినుకులు అందులో పడి మాయమవుతున్నాయి. చెయ్యి పొడిగానే ఉంది. ఇక తిట్లే అనుకున్నాను.

ఆమె తన కొంగు తీసి నా నెత్తిన కప్పింది.

"తడుస్తావు, లోపలికి పో మే."

తను మాత్రం కదల్లేదు.